తేడా రాని ఫలితాన్ని ఏ పత్రికకు పంపాలి?

ప్రశ్న: నేను మానసిక వైద్య పరిశోధనలో పీహెచ్‌డీ చివరి దశలో ఉన్నాను. డిప్రెషన్‌తో బాధపడుతున్న 124 మందిని యాదృచ్ఛికంగా రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికి మామూలు చికిత్స, రెండో వర్గానికి దానితోపాటు ఎనిమిది వారాల బృంద చికిత్స ఇచ్చాం. ట్రయల్ మొదలుకాకముందే ట్రయల్స్ వివరాలను అందరికీ కనబడేలా ఉంచే రిజిస్ట్రీలో నమోదు చేసి, పన్నెండో వారం నాటి పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ తీవ్రతను కొలిచే ప్రశ్నావళి) స్కోరును ప్రధాన ఫలితంగా ప్రకటించాం. చివరికి రెండు వర్గాల మధ్య చెప్పుకోదగిన తేడా రాలేదు. ఒక పెద్ద పత్రిక నాలుగు రోజుల్లోనే, సమీక్షకైనా పంపకుండా, వ్యాసాన్ని తిప్పి పంపింది. మరొకటి ఏడు నెలలు ఉంచుకుని ‘నమూనా చిన్నది, కొత్త విషయం లేదు’ అని తిరస్కరించింది. స్త్రీలను విడిగా లెక్కిస్తే తేడా కనబడుతోంది కనుక వ్యాసాన్ని దాని చుట్టూ తిరగరాయమని మా గైడ్ గారు అంటున్నారు. ఈలోగా పది రోజుల్లో ప్రచురిస్తామంటూ ఒక పత్రిక నుంచి ఈమెయిల్ వచ్చింది. సిద్ధాంత వ్యాసం సమర్పించాలంటే నాకు ఒక ప్రచురణ తప్పనిసరి. ఏం చేయమంటారు?
— పేరు వెల్లడించవద్దని కోరిన పాఠకురాలు

సమాధానం: ఏ పత్రికకు పంపాలి, స్త్రీల సంగతి ఏం చేయాలి, ఆ ఈమెయిల్‌కు ఏమని బదులివ్వాలి అని మీరు మూడు విషయాలు అడిగారు. మూడూ ఒకే నిర్ణయం మీద ఆధారపడి ఉన్నాయి. ట్రయల్‌కు ముందు రిజిస్ట్రీలో రాసుకున్న ప్రశ్నకే మీ వ్యాసం జవాబు చెప్పాలా, లేక జవాబు చూసిన తరువాత ప్రశ్నను మార్చుకోవాలా అన్నదే ఆ నిర్ణయం. మొదటి దారినే ఎంచుకోండి. అందులో నీతి ఉందన్నది ఒక కారణమే. వ్యాసం నిలబడేదీ ఆ దారిలోనే అన్నది రెండో కారణం.

మన రంగంలో ఇది ఎందుకింత ముఖ్యమో చెప్పడానికి 2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఎరిక్ టర్నర్ బృందం ప్రచురించిన పరిశీలనను గుర్తుచేస్తాను. డిప్రెషన్‌కు వాడే 12 మందులపై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వద్ద నమోదైన 74 ట్రయల్స్‌ను, అంటే 12,564 మంది రోగుల సమాచారాన్ని, వారు పత్రికల్లో అచ్చయిన వ్యాసాలతో పోల్చి చూశారు. ఎఫ్‌డీఏ దృష్టిలో సానుకూలంగా తేలిన 38 ట్రయల్స్‌లో 37 అచ్చయ్యాయి. మిగిలిన 36లో 22 వెలుగు చూడనే లేదు, 11 సానుకూల ఫలితమనే భావన కలిగేలా రాయబడి అచ్చయ్యాయి, ఉన్నది ఉన్నట్టుగా అచ్చయినవి మూడే. పత్రికలు మాత్రమే చదివే వైద్యుడికి 94 శాతం ట్రయల్స్ విజయవంతమైనట్టు కనబడితే, నియంత్రణ సంస్థ లెక్కలో ఆ సంఖ్య 51 శాతం. మాటలతో చేసే చికిత్సలకు ఈ రోగం అంటదని అనుకోవద్దు. డిప్రెషన్‌కు మానసిక చికిత్సపై అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిధులతో 1972-2008 మధ్య చేపట్టిన 55 ట్రయల్స్‌ను 2015లో ఒక బృందం వెదికితే, 13 ఎక్కడా ప్రచురితం కాలేదని తేలింది. వాటి సమాచారాన్ని కూడా సేకరించి కలిపితే చికిత్స ప్రభావం అంచనా సుమారు పావు వంతు తగ్గింది. మీ ట్రయల్‌ను మీరు సొరుగులో పెట్టేస్తే అది ఆ పదమూడింటి పక్కన చేరుతుంది. స్త్రీల కథగా మలిస్తే ఆ పదకొండింటి పక్కన చేరుతుంది.

ఇక తిరస్కరణల సంగతి. నాలుగు రోజుల్లో వచ్చినది మీ పరిశోధనపై తీర్పు కాదు. పెద్ద పత్రికల సంపాదకులు తమకు వచ్చే వ్యాసాల్లో అధిక భాగాన్ని శీర్షిక, సారాంశం, జత చేసిన లేఖ చూసి, తమ పాఠకులకు ఇది వార్త అవుతుందా కాదా అన్న ఒక్క ప్రశ్నతోనే పక్కన పెడతారు. త్వరగా పక్కన పెట్టడం నిజానికి మీకు మేలే. రెండో తిరస్కరణే విలువైనది. ‘కొత్త విషయం లేదు’ అన్నది అభిరుచికి సంబంధించిన మాట కనుక దాన్ని వదిలేయండి. ‘నమూనా చిన్నది’ అన్నది మాత్రం సగం న్యాయమైన అభ్యంతరం. దానికి వ్యాసంలోనే జవాబు ఉండాలి.

ఆ జవాబు ఇలా ఉంటుంది. తేడా కనబడకపోవడం వేరు, తేడా లేదని తేలడం వేరు. పీ విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనబడే అవకాశం) 0.05 దాటిందని మాత్రమే రాసి ఊరుకుంటే ఈ రెండింటిలో మీది ఏదో పాఠకుడికి తెలియదు. సగటు తేడాను, అసలు తేడా ఏ అంకెల మధ్య ఉండవచ్చో చూపే 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్‌ను సారాంశంలోనే ఇవ్వండి. ఉదాహరణకు తేడా 0.8 పాయింట్లు, ఇంటర్వెల్ −1.1 నుంచి 2.7 వరకు వచ్చిందనుకుందాం. ఈ అంకెలు నేను ఊహించినవి, మీ అంకెలు మీ దగ్గరే ఉన్నాయి. నమూనా పరిమాణం లెక్క కట్టినప్పుడు 3 పాయింట్ల తేడాను పట్టుకోవాలనుకుని ఉంటే, మీరు ఆశించినంత ప్రయోజనం ఉండే అవకాశాన్ని ఈ ట్రయల్ దాదాపు తోసిపుచ్చిందని ధైర్యంగా రాయవచ్చు. అలా కాక ఇంటర్వెల్ 5 దాకా సాగితే, ఫలితం అనిశ్చితమని ఒప్పుకోవాలి. ఒప్పుకోవడంలో నష్టమేమీ లేదు, పలు ట్రయల్స్ ఫలితాలను కలిపి రేపు ఎవరో చేసే మెటా విశ్లేషణలో మీ అంకె తన వంతు పని చేస్తుంది. 0 నుంచి 27 వరకు ఉండే పీహెచ్‌క్యూ-9లో 5 పాయింట్ల మార్పు వైద్యపరంగా అర్థవంతమైనదని తరచుగా చదువుతుంటాం. అది ఒక మనిషిలో కాలక్రమంలో వచ్చే మార్పుకు సంబంధించిన కొలమానం. రెండు వర్గాల సగటుల మధ్య తేడాకు దాన్ని యథాతథంగా అన్వయించకండి. ఫలితం వచ్చాక వెనక్కి వెళ్లి పవర్ (నిజమైన తేడాను పట్టుకోగల సామర్థ్యం) లెక్క కట్టి చూపించే అలవాటు కూడా మనవాళ్లలో ఉంది. ఆ లెక్క పీ విలువ చెప్పినదాన్నే మరో వేషంలో చెబుతుంది. కొందరు సమీక్షకులు అడుగుతారు గానీ, అడిగినా మర్యాదగా కాదని చెప్పి ఇంటర్వెల్‌నే చూపించండి.

మీ ఉత్తరంలో ఎవరూ ప్రస్తావించని ఒక సంగతి నన్ను ఎక్కువగా ఆపింది. మీది బృంద చికిత్స. ఒక గదిలో ఎనిమిది పది మంది వారం వారం కూర్చుని మాట్లాడుకుంటే వారి ఫలితాలు ఒకదానితో ఒకటి ముడిపడిపోతాయి. ఒక బృందం బాగా కుదిరితే అందులో అందరూ కొంత కోలుకుంటారు, ఒకరిద్దరు మానేస్తే మిగతావారూ నీరసపడతారు. పైగా ఒక్కో బృందాన్ని నడిపే చికిత్సకుడి నైపుణ్యం ఒక్కో తీరుగా ఉంటుంది. మామూలు చికిత్స వర్గంలో ఇలాంటి ముడి లేదు. కాబట్టి 124 మందినీ పరస్పరం సంబంధం లేని వ్యక్తులుగా లెక్కిస్తే ఇంటర్వెల్ ఉండవలసినదానికన్నా ఇరుకుగా వస్తుంది. ఒక వర్గంలో మాత్రమే బృందాలున్నాయన్న సంగతిని గుర్తించే మిశ్రమ గణాంక మోడల్‌తో విశ్లేషణ చేయించండి. బృందాలు తక్కువగా ఉన్నప్పుడు ఆ మోడల్‌కూ ఇబ్బందులుంటాయి కనుక ఈ పని గణాంక నిపుణుల చేతిలో పెట్టడం మంచిది. మీ ముందస్తు విశ్లేషణ ప్రణాళికలో ఇది లేకపోతే, ప్రణాళిక ప్రకారం చేసినదీ, ఇదీ రెండూ చూపించి, రెండోది తరువాత చేర్చినదని చెప్పండి. నేను సమీక్షకు ఒప్పుకున్న బృంద చికిత్స వ్యాసాల్లో తరచుగా కనిపించే లోపం ఇదే. దీన్ని మీరే సరిదిద్దుకుని పంపితే, మీ ఫలితం ఎటు తేలినా, సమీక్షకుడికి మీ మీద గురి కుదురుతుంది. మరో మాట: స్త్రీలలో కనబడుతున్న తేడా ఈ సరిదిద్దిన లెక్కలో నిలుస్తుందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది.

స్త్రీల విశ్లేషణకే వస్తున్నాను. స్త్రీలలో పీ విలువ 0.05 కన్నా తక్కువ, పురుషులలో ఎక్కువ వచ్చినంత మాత్రాన చికిత్స స్త్రీలకు పనిచేసి పురుషులకు పనిచేయలేదని అర్థం కాదు. ఆ రెండు ప్రభావాల మధ్య తేడా ఉందా అన్నది నేరుగా అడగాలి, దానికి ఇంటరాక్షన్ పరీక్ష ఉంది. డిప్రెషన్ ట్రయల్స్‌లో స్త్రీలు ఎక్కువగా చేరుతుంటారు కనుక, సంఖ్య పెద్దదైన వర్గంలో పీ విలువ చిన్నదిగా రావడంలో వింత కూడా ఉండకపోవచ్చు. గుండెపోటు రోగులు 17,000 మందికి పైగా పాల్గొన్న ఐసిస్-2 ట్రయల్ ఫలితాలను 1988లో ప్రచురించినప్పుడు, పరిశోధకులు రోగులను కావాలనే రాశుల వారీగా విడదీసి చూపించారు. మొత్తం మీద ఎంతో మేలు చేసిన ఆస్పిరిన్, మిథున, తులా రాశుల వారికి మాత్రం కాస్త చెడు చేసినట్టు లెక్క తేలింది. ఉపవర్గాల విశ్లేషణను ఎంతవరకు నమ్మాలో తెలియజెప్పడానికి వారు చేసిన చమత్కారమది. మీ గైడ్ గారికి ఈ ఉదాహరణ చెబితే నవ్వుతారు, నవ్విన తరువాత మాట్లాడటం సులువవుతుంది.

మానసిక వైద్యంలో ఈ ప్రలోభం మరింత బలమైనది. రక్తపరీక్షలో తేలే ఒక్క అంకె మనకు లేదు. ఒకే మనిషిని మూడు నాలుగు ప్రశ్నావళులతో, మూడు నాలుగు సమయాల్లో కొలుస్తాం, ఎక్కడో ఒకచోట అనుకూలమైన అంకె దొరుకుతుంది. కౌమారుల డిప్రెషన్‌కు పారాక్సెటీన్‌పై జరిగిన ‘స్టడీ 329’ అలాగే నడిచింది. ముందు ప్రకటించిన ప్రధాన ఫలితాల్లో మందుకూ ఉత్తుత్తి మాత్రకూ తేడా రాకపోయినా, 2001లో అచ్చయిన వ్యాసం వేరే కొలమానాల ఆధారంగా మందు పనిచేస్తుందని, దాన్ని బాగా తట్టుకోగలరని తీర్మానించింది. అసలు సమాచారాన్ని మరో బృందం తిరిగి విశ్లేషించి 2015లో బ్రిటిష్ వైద్య పత్రిక బీఎంజేలో ప్రచురించినప్పుడు, మందు ప్రభావం లేదని, హాని మాత్రం పెరిగిందని తేలింది. మధ్యలో గడిచిన 14 ఏళ్లలో ఆ మొదటి వ్యాసం చదివి మందు రాసిన వైద్యులు ఉన్నారు.

సారాంశం రాసే తీరులోనూ ఇదే జరుగుతుంది. ప్రధాన ఫలితంలో తేడా రాని 116 ట్రయల్ వ్యాసాల సారాంశాలను మానసిక వైద్య, మనస్తత్వ శాస్త్ర పత్రికల నుంచి తీసుకుని పరిశీలిస్తే, 56 శాతంలో ఫలితాన్ని మెరుగ్గా కనబడేలా తిప్పి రాసిన జాడలు కనిపించాయని 2019లో ఒక అధ్యయనం చూపింది. అందుకే మీ సారాంశంలో మొదటి ఫలిత వాక్యం ప్రధాన ఫలితం గురించే ఉండాలి. స్త్రీల విశ్లేషణను దాచవలసిన పని కూడా లేదు. ఫలితాల విభాగం చివర ఒక పేరాలో, ఇది ముందుగా అనుకోని, అన్వేషణ కోసం చేసిన విశ్లేషణ అని స్పష్టంగా చెప్పి, ఇంటరాక్షన్ ఫలితంతో సహా ఇవ్వండి. శీర్షికలోకి, తీర్మానంలోకి మాత్రం రానివ్వకండి.

గైడ్ గారితో ఎలా మాట్లాడాలన్నది మీకు అసలైన బెంగ అయి ఉంటుంది. వారిని తప్పుపడుతున్నట్టు మొదలుపెట్టకండి. వారు మీకు ప్రచురణ రావాలనే తాపత్రయంతోనే అలా చెప్పి ఉండవచ్చు. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం 2005 నుంచి ముందస్తు నమోదును ప్రచురణకు షరతుగా పెట్టిందని, అందువల్ల మన ప్రధాన ఫలితం ఏమిటో సమీక్షకులెవరైనా రిజిస్ట్రీలో రెండు నిమిషాల్లో చూసుకోగలరని, మార్చి రాస్తే పట్టుబడేది ఇద్దరమూ అని చెప్పండి. ట్రయల్ నివేదికకు ఉపయోగించే కాన్సార్ట్ చెక్‌లిస్టు నింపి వారి ముందు పెట్టండి. ముందుగా అనుకున్న ఫలితాలు ఏవి, తరువాత చేర్చినవి ఏవి అని అది అంశాల వారీగా అడుగుతుంది, ఖాళీ గడి చాలాసార్లు వాదన కన్నా బాగా పనిచేస్తుంది. అప్పటికీ వారు పట్టుబడితే ఒక్కటి గుర్తుంచుకోండి: అదే సంఘం నియమాల ప్రకారం, అచ్చుకు వెళ్లే చివరి ప్రతిని ఆమోదించనిదే ఎవరూ రచయితలు కాలేరు. మీ పేరుతో వెళ్లే వ్యాసానికి మీ అంగీకారం కూడా కావాలి. ట్రయల్‌కు అనుమతి ఇచ్చిన ఎథిక్స్ కమిటీకి కూడా నమోదైన ప్రణాళిక గురించి అడిగే హక్కు ఉంది గానీ, అక్కడిదాకా వెళ్లవలసిన అవసరం సాధారణంగా రాదు.

పది రోజుల పత్రికకు జవాబు ఇవ్వకండి. ‘మాకు ఆసక్తి లేదు’ అని కూడా రాయనవసరం లేదు. మానసిక చికిత్స ట్రయల్‌ను చదివి తీర్పు చెప్పగల ఇద్దరు సమీక్షకులను వెదకడానికే చాలా పత్రికలకు పది రోజులకన్నా ఎక్కువ పడుతుంది. 2013లో సైన్స్ పత్రిక తరఫున జాన్ బొహానన్ కావాలనే తప్పులతో అల్లిన ఒక వ్యాసాన్ని రచయితల వద్ద రుసుము తీసుకునే 304 పత్రికలకు పంపితే, 157 అంగీకరించాయి, తిరస్కరించినవి 98. రుసుము తీసుకోవడమే తప్పని దీని అర్థం కాదు. అందరూ ఉచితంగా చదవగలిగే మంచి పత్రికల్లో చాలా వాటికి రుసుము ఉంటుంది. సమీక్ష జరిగిందా లేదా అన్నదే తేడా. అక్కడ ఒకసారి అచ్చయితే అదే వ్యాసాన్ని మరో పత్రిక తీసుకోదు. మధ్యలో వెనక్కి తీసుకుంటానంటే ‘ఉపసంహరణ రుసుము’ అడిగే పత్రికలూ ఉన్నాయి. మీ ట్రయల్‌లో పాల్గొన్న 124 మంది ఇచ్చిన సమాచారం ఎవరూ చదవని చోట పడిపోతుంది.

ఏదైనా పత్రికపై అనుమానం వస్తే అది డీఓఏజే (ఉచితంగా చదవగలిగే పత్రికల) జాబితాలో ఉందా, ప్రచురణ నైతికతను చూసే కోప్ సంస్థలో సభ్యత్వం ఉందా అని ఆ సంస్థల సైట్లలోనే చూడండి, పత్రిక తన సైట్‌లో అతికించుకున్న ముద్రలను నమ్మకండి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (పత్రిక వ్యాసాలను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉటంకించారో చెప్పే అంకె) అని రాసి ఉంటే, దాన్ని ఇచ్చే సంస్థ క్లారివేట్ ఒక్కటే. అలాంటి పేర్లనే కాస్త మార్చి పెట్టుకున్న సూచికలు చాలా తిరుగుతున్నాయి. ‘పబ్‌మెడ్‌లో కనిపిస్తాం’ అనే మాట దగ్గర కూడా ఒక నిమిషం ఆగండి. వైద్య వ్యాసాలను వెదికే సైట్ అయిన పబ్‌మెడ్‌లో కనబడే ప్రతి వ్యాసమూ, నాణ్యత చూసి పత్రికలను చేర్చుకునే మెడ్‌లైన్ జాబితా ఎంపిక చేసిన పత్రికలోది కాదు. ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే, ఆ పత్రికలో గత ఏడాది వచ్చిన ట్రయల్ వ్యాసాలు రెండు పూర్తిగా చదవండి. ఒక గంటలో తెలిసిపోతుంది.

మరి ఎక్కడికి పంపాలి? కొత్తదనాన్ని కాక పద్ధతి సరిగా ఉందా లేదా అన్నదాన్నే కొలబద్దగా పెట్టుకున్న పత్రికలు ఉన్నాయి. 2006లో మొదలైన ప్లాస్ వన్, మన రంగంలో బీఎంసీ సైకియాట్రీ ఆ కోవలోవే. ఇవి రుసుము తీసుకుంటాయి. మినహాయింపు లేదా తగ్గింపు కోరే వీలుంటుంది గానీ, వ్యాసం పంపేటప్పుడే అడగాలి, అంగీకారం వచ్చాక అడిగితే చాలాచోట్ల వినరు. చందాతో నడిచే పత్రికల్లో చాలావాటికి రచయిత ఏమీ చెల్లించనవసరం లేదన్న సంగతి చాలామంది విద్యార్థులకు తెలియదు. ఆ పత్రికలు అంగీకార లేఖతోపాటు ‘ఓపెన్ యాక్సెస్ కావాలా’ అని అడుగుతాయి, వద్దని టిక్కు పెట్టి, అంగీకరించిన ప్రతిని పత్రిక నియమాల మేరకు మీ సంస్థ భాండాగారంలో ఉంచుకోవచ్చు. పంపే ముందే వ్యాసాన్ని మెడ్‌ఆర్కైవ్ సైట్‌లో ప్రీప్రింట్‌గా, అంటే సమీక్షకు ముందే అందరూ చదవగలిగేలా, పెట్టడం కూడా ఆలోచించండి, మీరు ఎంచుకున్న పత్రిక దానికి ఒప్పుకుంటుందో లేదో చూసుకుని మరీ. బృంద సంభాషణల రాతప్రతులను మాత్రం ఏ బహిరంగ భాండాగారంలోనూ పెట్టకండి. పేర్లు తీసేసినా ఒకరి కథ ఆ గదిలోని మిగతావారు గుర్తుపట్టగలరు.

తిరగరాసేటప్పుడు ఇంకో నాలుగు చోట్ల ఆగండి. పీహెచ్‌క్యూ-9 రోగి స్వయంగా నింపేది, ఏ వర్గంలో ఉన్నదీ రోగికి తెలుసు, కాబట్టి కొలత అంధీకృతం (వర్గం తెలియకుండా జరిగినది) కాదని ఒప్పుకుంటూ ఒక వాక్యం రాయండి. ఆ ప్రశ్నావళిలో తొమ్మిదోది చనిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి అడుగుతుంది. అలాంటి ఆలోచనలు వచ్చాయన్నవారికి మీరు ఏం చేశారో, ఎంతసేపట్లో ఎవరు మాట్లాడారో పద్ధతుల విభాగంలో ఉండాలి. చికిత్స సమయంలో ఎవరి పరిస్థితైనా దిగజారిందా, ఎవరైనా బృందం వదిలేశారా అన్నది కూడా రాయండి. మాటల చికిత్సకు హాని ఉండదన్న ఊహతో ఆ భాగాన్ని ఖాళీగా వదిలేయడం మన రంగంలో పాత అలవాటు. ‘మామూలు చికిత్స’ అంటే ఏమిటో వివరించడం మరవకండి. అందులో మందులు ఎంతమందికి అందాయో చెప్పకపోతే, రెండు వర్గాలకూ తేడా ఎందుకు రాలేదో పాఠకుడు ఊహించలేడు.

జత చేసే లేఖలో బతిమాలవద్దు. ‘ముందుగా నమోదైన ఈ ట్రయల్‌లో ప్రధాన ఫలితంలో తేడా కనబడలేదు, ఆశించినంత ప్రయోజనం ఉండే అవకాశాన్ని ఇంటర్వెల్ ఎంతవరకు తోసిపుచ్చుతుందో చూపించాం, అన్వేషణాత్మక విశ్లేషణలను అలాగే పేర్కొన్నాం’ అని మూడు ముక్కల్లో రాయండి. వ్యాసం ఇప్పటికే ఒకసారి సమీక్షకు వెళ్లిందని చెప్పి, ఆ వ్యాఖ్యలకు మీరు చేసిన మార్పులను జత చేస్తే కొందరు సంపాదకులు సంతోషిస్తారు. ఒకేసారి రెండు పత్రికలకు మాత్రం పంపకండి.

ప్రచురణ నియమం గురించి మీ విభాగంలో ఇప్పుడే లిఖితపూర్వకంగా అడగండి. చాలాచోట్ల అంగీకార లేఖ సరిపోతుంది, అచ్చు ప్రతి అక్కర్లేదు. కొన్నిచోట్ల ట్రయల్ ప్రోటోకాల్ వ్యాసాన్నో, ముందే రాసిన సమీక్షా వ్యాసాన్నో లెక్కిస్తారు. ఈ వ్యాసం ఏ పత్రికలో ఎప్పుడు వచ్చినా, రిజిస్ట్రీలోని మీ ట్రయల్ పేజీలో ఫలితాలను ఇప్పుడే నమోదు చేయండి. ట్రయల్ ముగిసిన 12 నెలల్లోగా ఆ పని జరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే కోరింది. రెండు పత్రికల దగ్గర గడిచిన నెలలను లెక్కేసుకుంటే మీకు ఆ గడువు దగ్గరపడి ఉండాలి.